ఇంట్లో పురుగుని పెంచాలనుకుంటే: గొంగళిపురుగు నుంచి టారంటులా దాకా ఏది ఎవరికి సరిపోతుంది

మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు ఈమధ్య ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అంకుల్, దీన్ని ఇంట్లో పెంచుకోవచ్చా?" అని ఫోటో చూపించాడు. నీలమణిలా మెరుస్తున్న పెద్ద సాలెపురుగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. అదెక్కడిదో తెలుసా అని అడిగితే అమెరికాదేమో అన్నాడు. దాని పుట్టిల్లు మన నంద్యాల పక్కనున్న అడవి. ఆ కథ తర్వాత చెప్తాను. ఆ రోజు వాడికి చెప్పిన మాటతోనే మొదలుపెడతాను: రూపం చూసి పురుగుని ఎంచుకోవద్దు. అది ఏం తింటుందో, ఎన్నాళ్లు బతుకుతుందో చూసి ఎంచుకోవాలి.

కుక్కకి ఆకలేస్తే మన కాళ్ల చుట్టూ తిరుగుతుంది. పిల్లి అరుస్తుంది. పురుగు ఏమీ అడగదు. తిండి లేకపోతే, నీళ్లు లేకపోతే, చోటు ఇరుకైతే చప్పుడు చేయకుండా చచ్చిపోతుంది. అందుకే దాని అవసరాలన్నీ మనమే ముందుగా తెలుసుకోవాలి. పన్నెండేళ్లుగా రకరకాల పురుగుల్ని పెంచుతున్నాను. నా చేతుల్లో పోయిన వాటిలో సగానికి పైగా నేను ముందే చదువుకుని ఉంటే బతికేవే.

మనకిది కొత్త సరదా కూడా కాదు. వానాకాలంలో తుమ్మచెట్ల మీద దొరికే, పచ్చగా మెరిసే బంగారు పురుగుని అగ్గిపెట్టెలో పెట్టి, నాలుగు తుమ్మాకులు వేసి, బడికి జేబులో తీసుకెళ్లిన వాళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. ఆ ఇష్టం మంచిదే. అగ్గిపెట్టె మాత్రం చాలదు.

ముందు మీ ఇంటిని చూసుకోండి

ఏ పురుగు అయినా సరే, మొదటి గండం మన ఇంట్లోనే ఉంటుంది. రాత్రంతా ప్లగ్గులో వెలిగే దోమల లిక్విడ్, మూలల్లో కొట్టే బొద్దింకల స్ప్రే, అపార్ట్‌మెంట్ వాళ్లు మూడు నెలలకోసారి చేయించే పెస్ట్ కంట్రోల్, ఇవన్నీ చేసేది పురుగుల్ని చంపడమే. మీరు ప్రేమగా పెంచుకునే గొల్లభామని ఆ మందు వేరుగా చూడదు. దోమల లిక్విడ్ లేకుండా నిద్రపట్టని ఇల్లయితే, పురుగుల డబ్బాకి వేరే గది ఉండాలి. అది కుదరకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది. ఇంట్లో అమ్మతోనో నాన్నతోనో ముందు మాట్లాడాల్సింది కూడా ఇదే. పురుగంటే వాళ్లకి భయమా కాదా అన్నది ఆ తర్వాత మాట.

రెండో గండం చీమలు. గూడు కట్టుకున్న ప్యూపాని (గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య కదలకుండా ఉండే దశ), కుబుసం విడుస్తూ మెత్తగా ఉన్న పురుగుని చీమలు ఒక్క రాత్రిలో తినేస్తాయి. పూర్వం వంటింట్లో బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు చూడండి, అదే ఉపాయం. వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఒక గిన్నె బోర్లించి, దాని మీద డబ్బా పెట్టండి.

మొదటిసారి పెంచేవాళ్లకి: కరివేపాకు మొక్క మీది గొంగళిపురుగు

ఎవరడిగినా నేను మొదట చెప్పేది దీని గురించే. కొనక్కర్లేదు, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. బాల్కనీలో కరివేపాకు మొక్కో నిమ్మ మొక్కో ఉంటే చాలు, సీతాకోకచిలుకే వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక, నిమ్మజాతి మొక్కల్ని వెతుక్కునే లైమ్ బటర్‌ఫ్లై మన ఊళ్లలో బాగా కనిపిస్తాయి. గుడ్డు ఆవగింజ కన్నా చిన్నది, గుండ్రంగా లేతపసుపు రంగులో లేత ఆకు మీద ఉంటుంది. పొదిగిన పిల్ల మొదట్లో పిట్టరెట్టలాగే ఉంటుంది, పిట్టలు తినకుండా అదో వేషం. చివరి దశలో ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు ఆ కొమ్ముల కోసమే పదేపదే ముట్టుకుంటారు, వద్దని చెప్పాలి.

గుడ్డు నుంచి సీతాకోకచిలుక దాకా మొత్తం నెల, నెలన్నర. ఇదే దీని గొప్ప. ఆసక్తి పోయినా, పరీక్షలొచ్చినా నష్టం లేదు. పని అయిపోయాక కిటికీ తెరిస్తే ఎగిరిపోతుంది, అది ఇక్కడి ప్రాణే కాబట్టి బయట వదలడంలో తప్పూ లేదు.

పెంచడం కూడా తేలిక. వెడల్పాటి గాజు సీసా, మూతికి దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. ఆకుల కాడని నీళ్ల సీసాలో పెట్టి, పురుగు జారి నీళ్లలో పడకుండా మూతి చుట్టూ దూది కుక్కండి. రోజూ పెంట తీసి తుడవాలి, లేకపోతే బూజు పడుతుంది. పురుగు తిండి మానేసి, నీళ్లగా విరేచనం చేసి, డబ్బా అంతా తిరుగుతుంటే జబ్బు చేసిందని టెన్షన్ పడకండి. అది గూడుకి చోటు వెతుక్కుంటోంది. నిలువుగా ఒక పుల్ల పెట్టండి. నడుముకి పట్టుదారం కట్టుకుని అక్కడే వేలాడుతుంది.

ఒక్కటి మాత్రం పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. బాగా పెరిగిన పురుగుని బయట నుంచి తెస్తే, దాని లోపల కందిరీగ జాతి పరాన్నజీవుల గుడ్లు ఉండొచ్చు. ఎదురుచూసిన ప్యూపాకి చిన్న బెజ్జం పడి, సీతాకోకచిలుకకి బదులు బుల్లి కందిరీగలు బయటికొస్తాయి. మా అమ్మాయి ఆరేళ్ల వయసులో అది చూసి రెండు రోజులు ఏడ్చింది. గుడ్డు దశలోనే ఆకుతో సహా లోపలికి తెచ్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రెక్కలొచ్చిన రోజు డబ్బా అడుగున ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది రక్తం కాదు, ప్యూపాలో మిగిలిన వ్యర్థం.

జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ దొరుకుతుంది, దాని లేతాకుపచ్చ ప్యూపా మీద బంగారు చుక్కలుంటాయి. హైదరాబాద్ వీధుల్లో అశోక చెట్లు అని పిలిచే నరమామిడి మీద టెయిల్డ్ జే ఉంటుంది. ఒళ్లంతా వెంట్రుకలున్న గొంగళిని మాత్రం ఎవరూ తేవద్దు, ఆ దురద రోజులతరబడి వదలదు. అడవుల్లోంచి, రక్షిత ప్రాంతాల్లోంచి ఏ పురుగునీ తేకూడదు. కొన్ని సీతాకోకచిలుకలకి వన్యప్రాణి చట్టం రక్షణ కూడా ఉంది.

పట్టుపురుగు ఎవరికి

హిందూపురం, మదనపల్లి వైపు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పట్టు రైతు ఎవరైనా తెలిస్తే చాకీ (తొలి రెండు దశల పెంపకం) అయిపోయిన పురుగుల్ని ఒక గుప్పెడు అడిగి తెచ్చుకోవచ్చు. పారిపోదు, కుట్టదు, డబ్బాకి మూత కూడా అక్కర్లేదు. వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి పెరిగి రెక్కల చిలుకకి ఎగరడమే రాదు. పాతికరోజుల్లో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, రైతులు దాన్ని జ్వరం అంటారు. మూడో జ్వరం, నాలుగో జ్వరం అని లెక్క. జ్వరంలో ఉన్నప్పుడు తలెత్తి కదలకుండా ఉంటుంది, ఆకు వేయకూడదు.

ఎంచుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్న: మల్బరీ ఆకు మీకు రోజూ దొరుకుతుందా? మొదటి వారాల్లో గుప్పెడు ఆకు చాలనిపిస్తుంది. మొత్తం తినే ఆకులో చాలా భాగం చివరి వారంలోనే తింటుంది. ముప్పై పురుగులకి ఆ వారంలో ఇంటి ముందున్న ఒక్క మొక్క ఎటూ చాలదు. ఆకు మీద మందు కొట్టి ఉండకూడదు. నేనోసారి పార్కు పక్కనున్న చెట్టు ఆకు తెచ్చి వేశాను, సాయంత్రానికల్లా నలభై పురుగులు మెలికలు తిరిగి చనిపోయాయి. ఆ చెట్టుకి ముందురోజే మందు కొట్టారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ నేను పెంచిన మొక్క ఆకు తప్ప వేయను. మల్బరీ దొరకని వాళ్లకి ఎరి పట్టుపురుగు మేలు, అది ఆముదం ఆకు తింటుంది.

పట్టు తీయాలంటే గూట్లోని పురుగుని ఉడకబెట్టాలి. ఇంట్లో పెంచేటప్పుడు ఆ పని పెట్టుకోకండి. చంద్రిక (గూడు కట్టుకోవడానికి పెట్టే తడిక) మీద అది రెండు మూడు రోజులపాటు తల ఊపుతూ దారం చుట్టుకోవడం చూడటమే గొప్ప. పది పదిహేను రోజులకి తెల్లటి చిలుక గూడు తడిపి బయటికొస్తుంది. ఏమీ తినదు, జతకట్టి నాలుగైదు వందల గుడ్లు పెట్టి పోతుంది. ఆ గుడ్లన్నీ పొదిగితే ఆకు ఎక్కడ్నుంచి తెస్తారో ముందే ఆలోచించుకుని, పెంచలేని గుడ్లని పొదగక ముందే తీసి ఫ్రీజర్లో పెట్టేయండి.

పుల్లపురుగు సంగతి కూడా ఇంతే. ఇంగ్లండ్ బడుల్లో తరతరాలుగా పిల్లలు పెంచుతున్న ఇండియన్ స్టిక్ ఇన్‌సెక్ట్ మన పక్క తమిళనాడు నుంచి వెళ్లిందే. మగది అక్కర్లేకుండానే ఆడది గుడ్లు పెడుతుంది, అవి పొదుగుతాయి కూడా. ఒక్కటి తెచ్చుకుంటే ఏడాదికి వందలవుతాయి. మందు కొట్టని గులాబీ ఆకులు వేస్తే చాలు. రాత్రి తిరుగుతుంది, పగలు పుల్లలా పడుంటుంది. ఓపికగా చూసే పిల్లలకి బాగుంటుంది, ఏదో ఒకటి జరుగుతూ ఉండాలనుకునే వాళ్లకి రెండో రోజే విసుగొస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆకులు తినే విదేశీ పురుగుల్ని అక్కడ వ్యవసాయ శాఖ పర్మిట్ లేకుండా పెంచకూడదు. ఆస్ట్రేలియాలో అయితే విదేశీ పురుగుల మాటే ఎత్తొద్దు, అక్కడి దేశవాళీ రకాలే పెంచాలి.

గొల్లభామా, గంతుల సాలీడా?

అసలు కష్టమైన ఎంపిక ఇక్కడుంది. రెండూ వేటాడేవే. రెండూ మనవైపు తల తిప్పి చూస్తాయి. పురుగు మనల్ని చూస్తోంది అనిపించడంలో ఉన్న ఆనందం ఆకులు తినే వాటి దగ్గర దొరకదు.

కొన్ని చోట్ల మిడతని కూడా గొల్లభామ అంటారు. నేను చెప్పేది ముందు కాళ్లు మడిచి దండం పెడుతున్నట్టు కూర్చునే దాని గురించి. మన పెరళ్లలో కనిపించే పచ్చటి పెద్ద గొల్లభామ చేతిమీద ఎక్కించుకున్నా హాయిగా ఉంటుంది. దాని కంట్లో నల్లచుక్క మీరు ఎటు కదిలితే అటు కదులుతుంది. నిజానికి అక్కడ నల్లచుక్క ఏమీ లేదు, కంటిలోని గొట్టాల్లోకి మనం నేరుగా చూసినచోట అలా నల్లగా కనిపిస్తుంది. అది తెలిసినా సరే, నన్నే చూస్తోందన్న భావన పోదు.

దాన్ని పెంచేటప్పుడు ప్రాణం తీసే తప్పు ఒక్కటే: పొట్టి డబ్బా. గొల్లభామ తలకిందులుగా వేలాడి కుబుసం విడుస్తుంది. పాత చర్మంలోంచి జారి పూర్తిగా బయటికి రావాలంటే కింద ఖాళీ ఉండాలి. డబ్బా ఎత్తు దాని పొడవుకి కనీసం మూడు రెట్లుండాలి, పైన కాళ్లు పట్టు దొరికేలా దోమతెర గుడ్డ ఉండాలి. నా మొదటి గొల్లభామని పచ్చడి సీసాలో పెట్టాను. నున్నటి గాజుకి పట్టు దొరక్క కుబుసం మధ్యలో కింద పడింది. ముందు కాళ్లు వంకరగా గట్టిపడిపోయాయి. వేటాడలేకపోయింది, నేను చేత్తో తినిపించినా వారమే బతికింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది. తిండి మానేసి మందకొడిగా ఉందంటే కుబుసం దగ్గరపడిందని అర్థం. డబ్బాలో ఉన్న మిడతల్ని, కీచురాళ్లని వెంటనే తీసేయండి, డబ్బాని కదపకండి.

రెండింటిని ఒక డబ్బాలో పెట్టొద్దు, ఒకదాన్నొకటి తింటాయి. కొమ్మకి అంటుకుని నురుగు గట్టిపడినట్టుండే గుడ్ల తిత్తిని సరదాపడి ఇంటికి తెస్తే ఒక ఉదయం వందకు పైగా పిల్లలు గదంతా పాకుతుంటాయి. పిల్లలకి పండు ఈగలు కావాలి. మగ్గిన అరటిపండు ముక్కని సీసాలో పెడితే అవే వస్తాయి. పెద్దయ్యాక ఈగలు, మిడతలు, కీచురాళ్లు. మొత్తం ఆయుష్షు దాదాపు ఏడాది. మన ఎండు పొదల ప్రాంతాల్లో ఎండుటాకులా, వయొలిన్‌లా ఉండే ఇంకో గొల్లభామ ఉంది. చాలా అందమైనది, కొన్ని కలిసి కూడా ఉండగలవు. కానీ దానికి మంచి వేడి కావాలి, తిండికి ఎగిరే ఈగలే కావాలి. కొత్తవాళ్లకి వద్దు.

ఇప్పుడు సాలీడు. గోడల మీద గంతులేసి దోమల్ని, ఈగల్ని పట్టే చిన్న సాలీడు మీ ఇంట్లో ఇప్పటికే ఉంటుంది. నలుపు తెలుపు చారలున్నది మగది, గోధుమరంగుది ఆడది. ఇది వల కట్టి కూర్చోదు. ఎనిమిది కళ్లలో ముందున్న పెద్ద రెండిటితో ఎరని చూసి, పిల్లిలా పొంచి దూకుతుంది. దూకే ముందు ఉన్నచోట ఒక దారం అంటించుకుంటుంది, గురి తప్పితే దాన్ని పట్టుకుని మళ్లీ పైకెక్కుతుంది. వేలు అడ్డం పెడితే ఆగి, తలెత్తి మీ ముఖంలోకి చూస్తుంది. పురుగులంటే భయపడే మా ఆవిడ కూడా దీన్ని మాత్రం దగ్గరికొచ్చి చూస్తుంది.

చోటు విషయంలో సాలీడిదే పైచేయి. పదిహేను సెంటీమీటర్ల ఎత్తున్న గాలాడే డబ్బా చాలు. పైమూలలో తెల్లటి పట్టు ఉయ్యాల కట్టుకుని అందులో నిద్రపోతుంది, కుబుసం విడుస్తుంది. అందుకే మూత పైన ఉన్న డబ్బా దీనికి సరిపోదు, తెరిచినప్పుడల్లా దాని ఇల్లు చినిగిపోతుంది. పక్కనుంచి తెరిచేది తీసుకోండి. నీళ్ల గిన్నె పెట్టొద్దు, గోడ మీద తుంపర చల్లితే ఆ చుక్కలే తాగుతుంది. రెండు మూడు రోజులకి ఒక ఈగ వేస్తే సరి. పొట్ట గుండ్రంగా ఉంటే కడుపు నిండినట్టు, ముడుచుకుపోతే ఆకలితో ఉన్నట్టు. ఉయ్యాలలోంచి వారం బయటికి రాకపోయినా చనిపోయిందని దాన్ని చింపి చూడకండి, కుబుసంలో ఉంటుంది.

రెంటిలో నన్ను ఒకటి చెప్పమంటే, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి, రోజూ కీచురాళ్లు వెతికే ఓపిక లేనివాళ్లకి గంతుల సాలీడే చెప్తాను. పెరడున్నవాళ్లకి, చేతిమీద పెద్ద పురుగుని ఎక్కించుకుని చూడాలనుకునే వాళ్లకి గొల్లభామ. అమెరికాలో ఉంటే రీగల్ జంపింగ్ స్పైడర్ అని పెంపకందారుల దగ్గర పుట్టినదే దొరుకుతుంది. మన గోడమీది దానికన్నా పెద్దది, అందమైనది కూడా.

గండుచీమల గూడు

తొలకరి వాన పడిన సాయంత్రం రెక్కలు రాల్చుకుని నేలమీద తిరిగే పెద్ద గండుచీమ కనిపిస్తే అది రాణి. పరీక్షనాళికలో మూడోవంతు నీళ్లు పోసి, దూదితో బిగించి, ఆ పక్కన దాన్ని వదిలి, ఇంకో దూదితో మూసి, చీకట్లో పెట్టేయడమే. తొలి కూలిచీమలు వచ్చేదాకా అది తిండి కూడా అడగదు, తన రెక్కల కండరాల్లో దాచుకున్న బలంతోనే పిల్లల్ని సాకుతుంది. రోజూ తీసి చూస్తే కంగారుపడి గుడ్లు తినేస్తుంది. వారానికోసారి మించి చూడకండి. చూడకుండా ఉండగలిగే వాళ్లకే ఈ పెంపకం.

ఇంకో మాట. ఇది ఏడాది సరదా కాదు. ప్రయోగశాలలో ఒక నల్లచీమ రాణి 28 ఏళ్లకు పైగా బతికిన రికార్డు ఉంది. విదేశీ చీమల్ని ఆన్‌లైన్లో కొనడం మాత్రం అస్సలు వద్దు. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దాదాపు 5,000 రాణిచీమల్ని పరీక్షనాళికల్లో పెట్టుకుని దొరికిపోయారు. కోర్టు పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా వేసింది. ఆ చీమలన్నీ ఇలాంటి సరదా ఉన్నవాళ్ల ఇళ్లకి చేరాల్సినవే.

టారంటులా: ఇరవయ్యేళ్ల నిర్ణయం

కుర్రాడి ఫోటోలోని నీలి సాలెపురుగు దగ్గరికి వస్తాను. అదో టారంటులా, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలెపురుగు. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. కానీ గుత్తి దాని ఊరు కాదు, కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుంది. వందేళ్ల దాకా మళ్లీ శాస్త్రవేత్తల కంటపడలేదు. 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో, చెట్ల తొర్రల్లో దొరికింది. అప్పటికి తెలిసినంతలో ప్రపంచం మొత్తంలో దానికి ఉన్న చోటు అదే, వంద చదరపు కిలోమీటర్ల లోపు. కలపకీ కట్టెలకీ చెట్లు కొట్టేయడంతో తొర్రలు పోతున్నాయి. 2008లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. యూరప్‌లో, అమెరికాలో వేలమంది గాజుపెట్టెల్లో అది ఉంది. గుత్తిలో పుట్టి పెరిగిన వాళ్లలో చాలామందికి దాని పేరే తెలియదు. ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆ జాతి మొత్తం 2019 నుంచి వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటీస్ జాబితాలోని ప్రాణుల్ని కూడా దాని కిందికి తెచ్చారు. 2024 నిబంధనల ప్రకారం అలాంటి ప్రాణి బతికున్నది ఎవరి దగ్గరైనా ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. ఎర్ర మోకాళ్ల మెక్సికో టారంటులాలు కూడా సైటీస్ జాబితాలోవే. కాబట్టి ఎవరో కొరియర్లో పంపిస్తామన్నారని, చవగ్గా వస్తోందని కొనకండి. ఎక్కడ పుట్టిందో చెప్పే కాగితం లేకుండా ఏ టారంటులానీ తీసుకోవద్దు. నంద్యాల అడవిలోంచి తెచ్చిందని ఎవరైనా గొప్పగా చెప్తే అటవీశాఖకి చెప్పండి.

చట్టం సంగతి అలా ఉంచితే, పెంపకం పరంగా కూడా ఆ నీలిది కొత్తవాళ్లకి వద్దు. మెరుపులా పరుగెడుతుంది. కరిస్తే మనిషి ప్రాణం పోదు గానీ కండరాలు పట్టేసి రోజులతరబడి బాధిస్తుంది. అమెరికా ఖండాల టారంటులాలు కొంచెం నెమ్మది. చిలీ రోజ్ లాంటివి మొదటిసారి పెంచేవాళ్లకి సరిపోతాయని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అవి కోపమొస్తే వెనక కాళ్లతో పొట్టమీది సన్నటి వెంట్రుకలు విదిలిస్తాయి. అవి కంట్లో పడితే ప్రమాదం. డబ్బా శుభ్రం చేసేటప్పుడు కళ్లజోడు పెట్టుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి.

రోజువారీ పని మాత్రం అన్నిటికన్నా తక్కువ. పెద్దదానికి వారానికి ఒక కీచురాయి, ఒక నీళ్ల గిన్నె, కింద నాలుగు అంగుళాల కొబ్బరి పొట్టు. నెలలతరబడి ఏమీ తినకుండా ఉన్నా భయపడక్కర్లేదు. వెల్లకిలా పడుకుని కుబుసం విడుస్తుంది. చచ్చిపోయిందనుకుని బతికున్నదాన్ని పారేసిన వాళ్లు నాకు తెలుసు. డబ్బా ఎత్తు తక్కువే ఉండాలి, గొల్లభామకి చెప్పినదానికి ఇది పూర్తిగా విరుద్ధం. పైనుంచి పడితే పొట్ట పగిలి చనిపోతుంది. చేతిమీద ఎక్కించుకోవడం దానికి ఏ రకంగానూ ఆనందం కాదు.

మే నెలలో గది నలభై దాటితే కష్టం, చల్లటి గది కావాలి. ఇంతకన్నా పెద్ద సమస్య ఆయుష్షు. మగది కొన్నేళ్లే ఉంటుంది గానీ ఆడది ఇరవయ్యేళ్లు బతకొచ్చు. తొమ్మిదో తరగతి కుర్రాడు కొంటే, వాడు ఇంజనీరింగ్‌కి వెళ్లాక, ఉద్యోగానికి ఇంకో ఊరు వెళ్లాక, పెళ్లయ్యాక కూడా అది ఉంటుంది. అప్పుడు దాన్ని చూసేది అమ్మే. ఈ మాట చెప్పినప్పుడు వాడు ఆలోచనలో పడ్డాడు.

ఎవరూ తేవద్దనేవి

ఎర్రతేలు వద్దు. రాయలసీమలో, దక్కన్ అంతటా దొరికే ఇది మనిషి ప్రాణం తీయగలదు, ముఖ్యంగా చిన్నపిల్లలది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ మందుతో చికిత్స మొదలుపెట్టాకే ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కుడితే నాటుమందుల కోసం ఆగకుండా ఆసుపత్రికే వెళ్లాలి. మండ్రగబ్బ అంత ప్రమాదకరం కాకపోయినా పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఆరుద్ర పురుగుని చూసి ఆనందించండి, సీసాలో పెట్టకండి. మట్టిలోపల అది గడిపే జీవితాన్ని మనం ఇంట్లో ఇవ్వలేం, రెండు మూడు రోజుల్లో పోతుంది. కోనసీమలో పిల్లలు దారం కట్టి ఆడుకునే కొబ్బరి కొమ్ముపురుగు జపాన్‌లో వేసవికాలం పిల్లలు పెంచుకునే కొమ్ముపురుగుకి దగ్గర చుట్టమే. కానీ ఇక్కడ అది కొబ్బరి మొవ్వు తొలిచేసే చీడ. పెంచి, పిల్లల్ని చేయించి, విసుగొచ్చాక వదిలేస్తే పక్కవాళ్ల తోటకే నష్టం. విదేశీ ప్రాణి ఏదైనా బయట వదలడం ఇంకా తప్పు. ఆఫ్రికా నత్తని 1847లో ఒకాయన కలకత్తా తోటలోకి తెచ్చి వదిలాడు, ఈ రోజుకీ దేశమంతా దాన్ని ఏరుతూనే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్తే?

ఇది ఎవరూ ముందుగా అడగరు, ఎంపికలో మాత్రం దీనికి పెద్ద విలువ ఉంది. టారంటులా అయితే నీళ్ల గిన్నె నింపి పది రోజులు వెళ్లి రావచ్చు. గండుచీమల గూడు కొత్తదైతే వారం ఇబ్బంది లేదు. గంతుల సాలీడుకి నాలుగైదు రోజులకి మించి కుదరదు, నీళ్ల తుంపర కోసం పక్కింటి వాళ్లకి చెప్పాలి. పెద్ద గొల్లభామ కూడా అంతే, చిన్నపిల్ల అయితే రెండు రోజులకే కష్టం. గొంగళిపురుగుల్ని, పట్టుపురుగుల్ని ఒక్కరోజు కూడా వదలలేం. బస్సులో పెట్టుకుని వెంట తీసుకెళ్లాలి, లేదా గూడు కట్టేదాకా ప్రయాణం ఆపుకోవాలి. నేను రెండూ చేశాను.

ఆ కుర్రాడు చివరికి వాళ్లమ్మ కరివేపాకు కుండీలో మూడు గుడ్లు వెతుక్కున్నాడు. పోయిన ఆదివారం ఒకటి పచ్చగా మారింది. మిగతా రెండూ ఇంకా పిట్టరెట్టల్లాగే ఉన్నాయని రోజూ సాయంత్రం వచ్చి చెప్తున్నాడు.